మూతలతో గీసిన గ్రహాలు

మెదక్ చుట్టుపక్కల ఏడు బడుల గోడల మీద గ్రహాలు గీసింది నేనే. ఏడు గోడల మీదా తప్పుగానే గీశాను. ఈ మాట మొదటే చెప్పేస్తే నాకు పీడ వదులుతుంది. సూర్యుడెంత, భూమి ఎంత, శని ఎంత అని నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. రంగు డబ్బాల మూతల్లో ఏది చేతికి దొరికితే దాన్ని గోడకు ఆనించి, చుట్టూ పెన్సిల్ తిప్పి, లోపల రంగు నింపి వచ్చాను. ఇరవై లీటర్ల బకెట్ మూత సూర్యుడు. పది లీటర్లది శని. నాలుగు లీటర్లది బృహస్పతి. భూమికి కూడా నాలుగు లీటర్లదే వాడాను. మనం ఉండేది దాని మీద కదా, మరీ చిన్నగా ఉంటే బాగుండదనుకున్నాను.

అంగారకుడి సంగతి ఇంకా అధ్వాన్నం. మొదటి బడిలో కిటికీలకు వేయగా ఎర్ర ఎనామిల్ చాలా మిగిలింది. పారబోయడమెందుకని అంగారకుణ్ణి భూమికంటే పెద్దగా గీశాను. రంగు మిగిలినందుకు ఒక గ్రహం పెరిగింది. శివ్వంపేట దిక్కున ఒక బడిలో నెప్ట్యూన్ కోసం పెట్టుకున్న లీటరు మూత మోరీలో పడింది. ఆ మురికిలో చేయి పెట్టబుద్ధి కాక, పక్కనున్న చాయ్ హోటల్ సాసర్ తెచ్చి దాంతో కానిచ్చాను. ఆ ఊరి పిల్లలకు నెప్ట్యూన్ ఇప్పటికీ సాసరంతే.

ఇది నా ఒక్కడి పద్ధతి కాదు. బడి గోడ పని దొరికితే పెయింటర్లందరం ఇట్లాగే చేసేవాళ్లం. ముందు పెద్ద నాయకుల ముఖాలు, తర్వాత ఎక్కాలు, తర్వాత దేశపటం. ఇవన్నీ అయ్యాక జాగా మిగిలితే గ్రహాలు. అవి గుండ్రంగా ఉంటాయి, కళ్లు ముక్కు ఉండవు, పోలిక రాలేదని ఎవరూ గొడవకు రారు. పొద్దున మొదలుపెడితే పగటి బువ్వ వేళకు తొమ్మిదీ అయిపోయేవి. సార్లు వచ్చి చూసి "మస్తుగున్నయి" అనేవాళ్లు. నేను ఛాతీ విరుచుకుని సామాను సర్దుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే వాంతి వచ్చినట్టుంటుంది.

నాకు అప్పుడు చదువు రాదు. ఈ మాట చెప్తే జనం నమ్మేవాళ్లు కాదు, ఎందుకంటే మెదక్ బజారులో సగం దుకాణాల బోర్డులు నా చేతివే. కానీ గీయడం వేరు, చదవడం వేరు. చీటీ మీద రాసిస్తే, ఆవు బొమ్మ గీసినట్టే అక్షరం బొమ్మ గీసేవాణ్ణి. ఎక్కడ వంపు తిరగాలో, ఎక్కడ కొమ్ము లేపాలో చేతికి తెలుసు. అది ఏమంటుందో తలకు తెలియదు. గ్రహాల కింద పేర్లు కూడా అంతే. ఏ పేరు ఏ గోళం కిందికి రావాలో సారు వేలు పెట్టి చూపిస్తే అక్కడ దించేవాణ్ణి.

మూడేళ్ల కింద, నా అరవై ఏడో ఏట, ఒక రైస్ మిల్లు గోడకు రంగు వేస్తూ నిచ్చెనతో సహా కింద పడ్డాను. కుడి కాలు విరిగింది. దవాఖానలో పిండికట్టు కట్టి, మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. కూర్చున్న చోటనుంచి అందరినీ తిట్టడం తప్ప నాకు ఇంకో పని లేకుండా పోయింది. తిట్లు తినడానికి ఇంట్లో ఉన్నది నా భార్య ఒక్కతే. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. పది రోజులు ఓర్చుకుని, పదకొండో రోజు ఒక పాత పుస్తకం తెచ్చి నా పొట్ట మీద పడేసింది.

"ఊకె నా పానం తినకుండ గిది సదువు."

"నాకెక్కడ సదువస్తది?"

"ముప్పై ఏండ్లు గీసినవ్ గద అక్షరాలు. గీసినదాన్ని నోటితోని అనుడే. దానికేం పెద్ద సదువు గావాలె?"

నిజంగానే అంతే అయింది. ఆకారాలన్నీ చేతికి తెలుసు కాబట్టి వాటికి చప్పుడు తగిలించడమే మిగిలింది. నెలన్నరలో కూడబలుక్కుని చదవడం వచ్చింది. కిటికీలోంచి వీధి అవతలి బోర్డు కనపడేది. పదేళ్ల కింద నేను గీసిందే. అక్షరాలు గుండ్రంగా, అందంగా ఉన్నాయని చుట్టూ గులాబీ పువ్వులు కూడా వేశాను. దాన్ని చదివితే అది మొలల దవాఖాన. నా చేతి పనిలో నాకు బాగా నచ్చినది అదే. ఇంకేం చెప్పాలి.

నా పొట్ట మీద పడేసిన పుస్తకం మా బిడ్డది. ఆమె పెళ్లయి తూప్రాన్‌లో ఉంటుంది, బడికి పోయే రోజుల్లో చదివిన సామాన్య శాస్త్రం పుస్తకం అది. అందులో ఒకచోట గ్రహాల బొమ్మ, దాని కింద ఒక పట్టిక. బొమ్మ చూడగానే, ఇది నా సరుకే కదా అని ఆశగా పట్టిక చదివాను. భూమి అడ్డం కొలత ఒకటి అనుకుంటే మిగతావి ఎంతెంతో అందులో రాసి ఉంది. రెండుసార్లు చదివినా తలకెక్కలేదు. వాకిట్లో మా ఆమె చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. అక్కడికే మంచం వేయించుకున్నాను.

"భూమి ఒకటైతే బృహస్పతి పదకొండట. సూర్యుడు నూటతొమ్మిదట. గదేంది?"

"గదేంది అంటే గదే. భూమసొంటియి పదకొండు పక్కపక్కకు పేరిస్తే, బృహస్పతి ఈ కొన నుంచి ఆ కొన దాక అయితది."

"నువ్వు జూసినవా?"

"నువ్వు జూసినవా, బకెట్ మూతంత సూర్యుణ్ణి?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. గింజలు ఇటు పెట్టమన్నాను. ఒక చింతగింజ భూమి అనుకున్నాం. పదకొండు గింజలు వరసగా పెడితే జానెడుకు కొంచెం తక్కువ వచ్చింది. అది బృహస్పతి. శని తొమ్మిదిన్నర గింజలు, అంటే దానికంటే చిన్నది. యురేనస్, నెప్ట్యూన్ నాలుగేసి గింజలు. శుక్రుడు ఇంచుమించు మన గింజంతే. అంగారకుడు సగం గింజ, దానికి ఒక శనగ గింజ పెట్టాం. బుధుడికి కందిగింజ. చంద్రుడికి జొన్నగింజ, అది కూడా పెద్దదే అవుతుందేమో అన్నది మా ఆమె.

"ఇగ సూర్యుణ్ణి పెట్టు."

"నూటతొమ్మిది గింజలు నేను పెట్టాల్నా? నాకేం పని లేదా?"

తిట్టుకుంటూనే పెట్టింది. నా తల దగ్గర మొదలుపెట్టి మంచం పక్కన నేల మీద ఒక్కొక్క గింజ పేర్చుకుంటూ పోయింది. నేను కాళ్లు చాపుకుని పడుకుని చూస్తున్నాను. గింజల వరస నా మోకాళ్లు దాటింది. పిండికట్టు దాటింది. నా పాదాలు దాటి ఇంకో జానెడు పోయాక "నూటతొమ్మిది" అని నడుం పట్టుకుని లేచింది. ఈ కొనకు ఒక చింతగింజ. ఆ గింజ మీదే మెదక్, హైదరాబాద్, సముద్రాలు, దేశాలు, నేను రంగులేసిన గోడలన్నీ. పక్కన ఆరడుగుల సూర్యుడు.

చేయి చాపి ఆ భూమి గింజను తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాను. మా ఆమె మాత్రం నవ్వింది.

"నీ గోడ మీద భూమి, బృహస్పతి ఒక్క తీరుగున్నయి. అంగారకుడైతే భూమిని మింగెటట్టున్నడు. గ పిల్లలు ఏం సదువుకుంటున్నరో ఏమో."

"సదువుకున్న సార్లుంటరు గద. తప్పని జెప్తరు తియ్."

నేను ఆ మాట నమ్మే అన్నాను.

కాలు కుదిరాక మొదట మా మెదక్‌లోనే ఉన్న ఒక బడికి పోయాను. అక్కడ నేను గ్రహాలు గీసి పదిహేనేళ్లయింది. కర్ర పట్టుకుని గోడ దగ్గరికి పోగానే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. గోడ మొదలంతా ఉచ్చ కంపు. సూర్యుడి మీద గుట్కా ఉమ్ముల చారలు ఎండి గోధుమ రంగుకు తిరిగాయి. శని మీద మాత్రం ఒక్క మచ్చ లేదు. ఉమ్మేవాళ్లకు కూడా శని అంటే భయమే. మిగతా గ్రహాలకు ఆ మాత్రం మర్యాద కూడా లేదు.

ఆ గోడకు ఎదురుగా వరండాలో హెడ్‌మాస్టర్ పాఠం చెప్తున్నాడు. చెప్తున్నాడు అనడం కూడా ఎక్కువే. కుర్చీలో కూర్చుని ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ, ఇంకో చేత్తో బెత్తం గోడ వైపు చూపిస్తున్నాడు.

"సూర్యుని తర్వాత అన్నిటికన్న పెద్దది ఏది?"

"శని!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

"ఆ," అన్నాడు ఆయన, ఫోన్ మీదినుంచి కన్ను లేపకుండా.

ఆ అరుపు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. అది పుస్తకంలోది కాదు. పది లీటర్ల డబ్బా మూతది. నేను అటకెక్కించిన ఒక పాత మూత నలభై మంది పిల్లల నోట్లోంచి బయటికి వచ్చింది. నేను ఉన్నచోటనుంచే అరిచాను.

"సారూ, శని కాదు. బృహస్పతి."

"ఓ పెయింటర్ సాబ్! రాండ్రి, రాండ్రి. కాలు ఎట్లున్నది?"

"కాలు సంగతి తర్వాత. పిల్లలు తప్పు జెప్తున్నరు."

"గోడ మీద గట్లనే ఉన్నది గద."

"గోడ మీద తప్పు గీసింది నేనే."

ఆయన పకపక నవ్వాడు. "ఏమైతది సాబ్? పరీక్షల బృహస్పతి అనే రాస్తరు. పుస్తకంల ఉన్నది, బట్టీ కొడ్తరు. గోడ గోడనే, పుస్తకం పుస్తకమే."

"మీకు తెలుసా మరి, తప్పని?"

"తెల్వకేంది? నేను పట్టా తీసుకున్నోణ్ణి."

పదిహేనేళ్లలో ఎంతమంది సార్లు ఆ గోడ ముందు కూర్చుని ఉంటారు. వాళ్లందరికీ తెలుసన్నమాట. తెలియక తప్పు గీసిన నా మీద ఉన్న అసహ్యం ఆ రోజు సగానికి తగ్గింది. తెలిసీ దాని ముందు కూర్చుని "ఆ" అన్నవాళ్ల మీద మొదలైంది.

ఈ గోడ నేను కూలి లేకుండా సరిచేస్తాను, కొలత ప్రకారం గీస్తాను అన్నాను. నా చేయి అప్పటికే వణకడం మొదలుపెట్టింది. ఇంకో గోడ గీయగలనో లేనో తెలియదు. చేతిలో పట్టు పోకముందు ఒక్క గోడ మీదైనా ఉన్నది ఉన్నట్టు గీసి, నా వల్ల తప్పు నేర్చుకున్న పిల్లలు దాన్ని చూసి దిద్దుకుంటే చాలనుకున్నాను. ఇది తప్ప నాకు వేరే కోరిక లేదు. హెడ్‌మాస్టర్ వెంటనే ఒప్పుకున్నాడు. బడికంతా కొత్త రంగులు వేయించడానికి ఒక దాత దొరికాడట. "మంచి టైముకు వచ్చిండ్రు. మీ ఇష్టం వచ్చినట్టు గీయుండ్రి," అన్నాడు.

ఆ దాత ఎవరో మెదక్‌లో అందరికీ తెలుసు. పేరు నాకు అక్కర్లేదు. తాతల నాటి పొలాలను ప్లాట్లు చేసి అమ్ముతాడు, వచ్చే ఎన్నికల్లో నిలబడాలని చూస్తున్నాడు. వయసుతో పని లేకుండా అందరూ ఆయన్ను అన్న అంటారు. బస్టాండు నుంచి మా గల్లీ దాకా ప్రతి స్తంభానికీ ఆయన ఫ్లెక్సీనే. ఈ ఫ్లెక్సీలే మా బుర్ష పనిని, అంటే బ్రష్‌తో బోర్డులు రాసే పనిని మింగేశాయి, సరే. కానీ వాటి మీద ముఖాల సైజులు చూడండి. పెద్ద నాయకుడి ముఖం గంపంత, జిల్లా నాయకుడిది తట్టంత, ఊరి నాయకుడిది గిన్నెంత, ఖర్చు పెట్టుకుని అచ్చు వేయించిన కార్యకర్తలవి కింద అప్పడాల వరస. ఒకసారి ఫ్లెక్సీ దుకాణంలో నా కళ్ల ముందే ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు, "మా అన్న మొఖం మీ అన్న మొఖం కన్న రెండించులు తక్కువెట్లయితది" అని. అక్కడ స్కేలు పెట్టి కొలిచారు. ముఖానికైతే స్కేలు కావాలి. సూర్యుడికి బకెట్ మూత చాలు.

పని మొదలుపెట్టాను. ముందు రెండు రోజులు గోడ కడగడమే. ఉమ్మి చారలను ఇనుప బ్రష్‌తో రుద్దితే పెచ్చులు లేచి నా ముఖానికే కొట్టేవి. ఆ ఒక్క బడిలో డిస్టెంపర్‌తో వేసిన పాత గ్రహాలను గీకి, గుంతలకు లప్పం పెట్టి, తెల్లరంగు రెండు కోట్లు వేశాను. గోడ సరిగ్గా ఆరడుగుల ఎత్తు. చింతగింజ లెక్క దానికి అతికినట్టు సరిపోయింది. గోడ మధ్యలో మూడడుగుల ఎత్తున మేకు కొట్టి, మూడడుగుల సుతిలి దారం కట్టి, కొసకు పెన్సిల్ కట్టి తిప్పాను. నేల నుంచి గోడ అంచు దాకా సూర్యుడు వచ్చాడు. వాణ్ణి నింపడానికే ఒకటిన్నర రోజు పట్టింది. అంత పెద్ద గుండ్రంలో చేతి వణుకు తెలియదు. చిన్నవాటి దగ్గర ఆ వణుకు నా పని పట్టింది. బృహస్పతిని, శనిని కొలిచి సుతిలితోనే గీశాను. యురేనస్, నెప్ట్యూన్‌లకు మా ఆమె బువ్వ తెచ్చినప్పుడు చేతి గాజు తీసిచ్చింది, కొలిచి చూస్తే సరిపోయింది. భూమికి బుర్ష పెడితే వంకర పోయింది. తుడిచి మళ్లీ పెడితే మళ్లీ వంకరే. ఆఖరికి బుర్ష కట్టె వెనక కొసను నీలం రంగులో ముంచి గోడకు ఒత్తాను. భూమి కుదిరింది. అగ్గిపుల్ల కొసతో పక్కన చంద్రుడు.

దూరాలు మాత్రం నా వల్ల కాలేదు. ఈ లెక్కన భూమి సూర్యుడి నుంచి రెండు వందల మీటర్ల అవతల ఉండాలి, అంటే బడి దాటి, రోడ్డు దాటి ఎవరింట్లోనో. అందుకని ఇవి సైజులు మాత్రమే, దూరాలు కావు అని గోడ మీదే రాశాను. ఆ వాక్యం ఎవరి చీటీ చూడకుండా నా అంతట నేను గోడకు రాసిన మొదటి వాక్యం.

హెడ్‌మాస్టర్ వచ్చి నిలబడ్డాడు. "ఎప్పుడు అయిపోతది సాబ్?"

"అయిపోయింది."

"మిగతా జాగంత ఖాళీగున్నది గద?"

"ఖాళీనే. ఆడ ఏం లేదు."

ఆయన నా ముఖం చూశాడు, గోడ చూశాడు, ఫోన్ తీసుకుని వెనక్కి తిరిగాడు. మర్నాడు పొద్దున దాత వచ్చాడు, వెనక నలుగురైదుగురు మనుషులు. సూర్యుణ్ణి చూసి బాగుందన్నాడు. పసుపు రంగు మస్తుగా కొడుతుందన్నాడు. తర్వాత అటూ ఇటూ వెతికాడు.

"భూమేది తాతా?"

వేలు పెట్టి చూపించాను. నడుం వంచి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"గిదా? ఎవలో రంగు చిలకరిచ్చిన్రనుకున్న!"

వెనకున్నవాళ్లు నవ్వారు. "గదే భూమి," అన్నాను.

"దీంట్ల మన దేశమేది? మన తెలంగాణ ఏది?"

"కనవడదు."

"కనవడకుంటే ఎట్ల? నేను ఖర్చు పెట్టేది కనవడనీకె గద."

ఆయన మనుషుల్లో ఒకడు శనిని పట్టుకున్నాడు. "అన్నా, శని సక్కగ గేటు ముంగట ఉన్నది. పిల్లలు పొద్దుగాల పొద్దుగాల శని మొఖం జూసి లోపలికి రావాల్నా?"

"అవును గదరా," అన్నాడు అన్న, నిజంగానే కంగారుపడి. "తాతా, గట్ల జెయ్. శనిని చిన్నగ జేసి మూలకు పెట్టు. భూమిని జర పెద్దగ జెయ్, గీ సూర్యునికి సగమన్న ఉండాలె. సూర్యునిల నా పేరు రాయి. పసుపు మీద ఎర్ర అక్షరాలు, అడుగు ఎత్తుల."

హెడ్‌మాస్టర్ వైపు చూశాను. పట్టా తీసుకున్నవాడు కదా, ఒక్క మాటైనా అంటాడేమోనని. ఆయన చేతులు కట్టుకుని సూర్యుణ్ణి కొత్తగా చూస్తున్నట్టు తల ఊపుతున్నాడు, పేరు అక్కడ ఎట్లా పడుతుందో అంచనా వేస్తున్నట్టు.

"నీ పేరు రాస్త," అన్నాను. "కొలత ప్రకారం రాస్త. భూమి చింతగింజంత. దాంట్ల మెదక్ ఎంత? మెదక్‌ల నువ్వెంత? అంత సన్నం బుర్ష నా దగ్గర లేదు. ఎక్కడన్న దొరికితే తీసుకరా, కూసోని రాస్త."

ముందుగా నోరు తెరిచింది హెడ్‌మాస్టరే.

"పెద్దమనిషి అన్నా, వయసు మీద వడ్డది. కింద వడ్డప్పటి సంది జర గట్లనే మాట్లాడుతుండు. మనసుల పెట్టుకోకుండ్రి."

నా కాలు విరిగింది గానీ తల పగలలేదు. దాత మాటకు నాకు అంత రోత పుట్టలేదు. వాడికి తెలియదు, తెలుసుకోవాలని లేదు, అంతే. ఈయనకు తెలుసు. తెలిసీ నన్ను పిచ్చివాణ్ణి చేసి చూపించాడు. పక్కనే పసుపు రంగు బకెట్ ఉంది. ఎత్తి ఆయన ఇస్త్రీ చొక్కా మీద పోయాలనిపించింది. దాని మూత గట్టిగా బిగించాను.

దాత మాత్రం నవ్వాడు. ఓట్లు కావలసినవాడు ముసలివాళ్ల మీద కోప్పడడు. "తాతకు ఉషారెక్కువ. పోనీ తియ్. మనం ఫ్లెక్సీ కొట్టిపిద్దాం," అని కారెక్కాడు.

మూడో రోజు పోయి చూశాను. గోడకు మూరెడు ముందు ఇనుప చట్రం నిలబెట్టి, దాని నిండా ఫ్లెక్సీ బిగించారు. ఇంటర్నెట్‌లోంచి తీసిన బొమ్మట. నల్లటి ఆకాశం, చుక్కలు, మెరిసే గ్రహాలు. భూమి బృహస్పతంత ఉంది. అంగారకుడు శుక్రుణ్ణి మించాడు. శనిని మాత్రం ఎక్కడో మూలన, బొట్టు బిళ్లంత పెట్టారు. ఒక పక్క దాత ముఖం, చేతులు జోడించి. దాన్ని నేను నా మూరతో కొలిచాను. ఆ ఫ్లెక్సీ సూర్యుడి కంటే అరమూర ఎక్కువ. కింద మూలన హెడ్‌మాస్టర్ ఫొటో, చంద్రుడి కంటే కొంచెం పెద్దది.

ఆయన నన్ను చూసి వచ్చాడు. "మీది చెరపలేదు సాబ్. ఎనకనే ఉన్నది, భద్రంగ."

చట్రం వెనక సందులో తల పెట్టి చూశాను. సూర్యుడి పసుపు అంచు కనపడింది. అంతకంటే ముందు కంపు కొట్టింది. ఫ్లెక్సీ కట్టి ఒక రోజే అయింది, అప్పుడే ఆ చాటు జనానికి ఉపయోగపడుతోంది. నేను బుర్ష కట్టె కొసతో ఒత్తిన భూమి ఎక్కడుందో ఆ చీకట్లో తెలియలేదు. వరండాలో పాఠం మొదలైంది. ఆయన బెత్తం ఎత్తి ఫ్లెక్సీ వైపు చూపించాడు. పిల్లలు ఏం అరుస్తారో వినబుద్ధి కాక, కర్ర టకటకలాడించుకుంటూ గేటు దాటేశాను.

రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరితో అంటే మా ఆమెతోనే. ఆమె ఓర్చుకోలేకపోయింది.

"ఒక్క బడి పోతే పోయింది. మిగిలిన ఆరు బడులల్ల ఏమున్నది?"

"నేను గీసిన తప్పే ఉన్నది."

"మరి గీడ మూతి ముడుసుకోని కూసుంటే గది పోతదా?"

"ఆరు గోడలు మళ్ల గీయనీకె నా చెయ్యి నడుస్తదా?"

"గీయమని ఎవలన్నరు? చెరిపి రా. తప్పు జెప్పే గోడ కన్న ఉత్త గోడ నయం గాదా? పా, నేనూ వస్త. నిచ్చెన పడితే నిన్ను ఎవలు మోస్తరు?"

అట్లా ఇద్దరం ఒక బకెట్ తెల్లరంగు, రెండు బుర్షలు పట్టుకుని షేర్ ఆటో ఎక్కి, పాపన్నపేట దిక్కున నేను మొట్టమొదట గ్రహాలు గీసిన బడికి పోయాం. అక్కడ ఉన్నది ఒక్కతే మేడం, చిన్న వయసు. సంగతి చెప్తే ముందు నమ్మలేదు.

"ఎందుకు చెరుపుతరు తాతా? మంచిగనే ఉన్నయి గద. చెరిపితే గోడ బోసిపోతది."

"బోసిగనే ఉండనీ బిడ్డా. గవి సైజులు గావు, ఏవీ గావు. పుస్తకం తెచ్చి జూడు."

తెచ్చింది. గోడ చూసింది, పట్టిక చూసింది, మళ్లీ గోడ చూసింది. ముఖం ఎర్రబడింది. "నేను రెండేండ్ల సంది దీని ముంగట నిలవడే పాఠం జెప్తున్న," అన్నది. చెప్పి, పుస్తకం కిటికీలో పెట్టి, కొంగు నడుముకు చుట్టి "ఏం జెయ్యాలె చెప్పుండ్రి" అన్నది. ఈ మొత్తం సంగతిలో నాకు ఉమ్మేయబుద్ధి కానిది ఆ ఒక్క మాటే.

తెల్లరంగు ఎత్తి కొట్టాను. పట్టలేదు. జారి కిందికి కారింది. ఎందుకు పట్టదో నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే నా పనే అది. వానకు పోవద్దు, ఎండకు వెలిసిపోవద్దు, తరతరాలు మెరవాలి అని ఆ గ్రహాలన్నిటికీ ఎనామిల్ వేశాను. నాయకుల ముఖాలకు, ఎక్కాలకు మామూలు డిస్టెంపరే వేశాను, అవి ఎప్పుడో వెలిసిపోయాయి. రెండో ఎక్కంలో సగం లేదు. గ్రహాలు మాత్రం నిన్న వేసినట్టున్నాయి. ఎనామిల్ మీద ఉత్త రంగు నిలవదు. గీకాల్సిందే.

మేడం ఎక్కడినుంచో రెండు ఇనుప పట్టీలు, ఉప్పు కాగితం తెప్పించింది. మా ఆమె అంగారకుణ్ణి పట్టుకుంది. ఎర్ర పొడి ఆమె తల మీద, కనురెప్పల మీద పడుతోంది. తుమ్మినప్పుడల్లా నన్ను తిడుతోంది. మేడం పిల్లల్ని లోపల కూర్చోబెట్టి, పాఠానికి పాఠానికి మధ్య వచ్చి భూమిని గీకి పోయింది. నేను శని ముందు కూర్చున్నాను. దాని చుట్టూ ఉన్న వలయం బాగా మెరవాలని అప్పట్లో మూడు కోట్లు వేశాను. పట్టీ పెట్టి రుద్దితే ఒక పొర లేచేది, కింద ఇంకో పొర అంతే మెరుస్తూ కనపడేది. రంగు దుమ్ము నోట్లో పడి నాలుక చేదెక్కింది. సాయంత్రం చివరి ఆటోకు పోయి, మర్నాడు పొద్దున మళ్లీ వచ్చాం.

ఇంకా ఐదు గోడలు ఉన్నాయి. శని ఒక్కదానికే రెండు రోజులు పట్టింది.